ఏళ్ల తరబడి తీసిన ఫోటోలను పుస్తకం చేయడం ఎలా: తిరుపతి, చిత్తూరు ఆడవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

మన వైపు ఒకే విషయాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి ఫోటోలు తీస్తున్న ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. ఒకామె ప్రతి మే నెలా తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర వదలదు. ఇంకొకామె శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఇళ్లకు పోతూనే ఉంటుంది. చిత్తూరు పల్లెల్లో భారతం ఉత్సవాలు మొదలైతే పద్దెనిమిది రోజులూ రాత్రిళ్లు వీధినాటకం దగ్గరే కూర్చునే అమ్మాయి ఉంది. నేను మామిడి పనిలో ఉండే ఆడవాళ్లను తీస్తున్నాను. అందరి దగ్గరా వేల ఫోటోలు ఉన్నాయి, హార్డ్ డిస్కులు నిండిపోయాయి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినవాటికి లైకులూ వచ్చాయి. పుస్తకం ఎప్పుడు అని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు, ఇంకా పూర్తి కాలేదు అని.

ఆ జవాబు విని విని ఇది రాస్తున్నాను. పుస్తకం పని మొదలుపెట్టడానికి ప్రాజెక్టు పూర్తి కావాల్సిన అవసరం లేదు. చేతిలో పట్టుకుని పేజీలు తిప్పగలిగే నమూనా, అంటే డమ్మీ, తయారయ్యేదాకా మన దగ్గర ఏం ఉందో ఏం లేదో మనకే తెలియదు. కాబట్టి డమ్మీ ముందు చేయండి, మిగిలిన ఫోటోలు దాన్ని చూసి తీయండి. ఆడవాళ్లకు ఈ వరస ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఉద్యోగం, పిల్లల పరీక్షలు, అత్తగారి ఆసుపత్రి చెకప్పులు, ఇంటికొచ్చే చుట్టాలు, వీటన్నిటి మధ్య "ఒక ఆరు నెలలు ఖాళీ దొరికితే పుస్తకం మీద కూర్చుంటా" అనుకుంటే ఆ ఆరు నెలలు ఎప్పటికీ రావు. కింద చెప్పినవన్నీ గంటా రెండు గంటలు దొరికినప్పుడు ముక్కలుగా చేసుకోగలిగే పనులే.

అసలు ఫోటోలతో పుస్తకం చేయడం మొదలైందే ఒక ఆడమనిషి చేతుల్లో. ఇంగ్లండులో ఆనా అట్కిన్స్ అనే ఆమె సముద్రపు నాచు మొక్కలను నీలిరంగు సయానోటైప్ పద్ధతిలో కాగితం మీద అచ్చువేసి, 1843లో మొదటి భాగం తెచ్చింది. ఫోటోలతో వచ్చిన మొట్టమొదటి పుస్తకం అదే అంటారు. ప్రతి పేజీ చేత్తో చేసి, భాగాలు భాగాలుగా 1853 దాకా ఇస్తూ పోయింది. భాగాలుగా చేయొచ్చన్నది గుర్తుపెట్టుకోండి, మనకు పనికొస్తుంది.

ముందు: మీ ప్రాజెక్టులో ఏ పుస్తకం ఉందో తేల్చుకోండి

ప్రాజెక్టు వేరు, పుస్తకం వేరు. పదేళ్ల ప్రాజెక్టులో మూడు పుస్తకాలు ఉండొచ్చు. ఫోటోగ్రాఫర్ గౌరీ గిల్ రాజస్థాన్ పల్లెల్లో 1999 నుంచీ ఫోటోలు తీస్తున్నారు, అది చాలా పెద్ద పని. అందులోంచి లూణ్‌కరణ్‌సర్‌లో జరిగిన ఆడపిల్లల మేళాలో తీసిన పోర్ట్రెయిట్లు మాత్రం విడిగా 2012లో పుస్తకంగా వచ్చాయి. మొత్తం పని అయిపోయేదాకా ఆగలేదు.

ఒక కాగితం తీసుకుని, మీ పుస్తకం ఎవరి గురించో, అందులో ఏం జరుగుతుందో ఒకే వాక్యంలో తెలుగులో రాయండి. ఇంగ్లీషులో రాస్తే పెద్ద పెద్ద మాటలు వచ్చి పడతాయి, విషయం కనపడదు. మీ పిన్నమ్మకో పక్కింటి ఆవిడకో చెప్పగలిగేట్టు ఉండాలి. "మామిడి" అనేది పుస్తకం కాదు. "చిత్తూరు ఆడవాళ్ల శ్రమ" అన్నది ఇంకా కాదు. "జూన్, జూలై నెలల్లో గుజ్జు ఫ్యాక్టరీకి రాత్రి షిఫ్టు పోయే ఆడవాళ్లు మిగతా పది నెలలు ఏం చేస్తారు" అంటే అది పుస్తకం. ఆ వాక్యం రాసుకున్న రోజునే ఒక సంగతి బయటపడుతుంది: ఆ రెండు నెలల ఫోటోలు కుప్పలు తెప్పలుగా ఉంటాయి, మిగతా పది నెలలవి అసలు ఉండవు. ఇక ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

గంగజాతర తీసేవాళ్లకు ఇది మరీ కష్టం, ఎందుకంటే జాతర చాటింపు నుంచి చివరిరోజు అమ్మవారి విశ్వరూపం దాకా వారం రోజుల్లో కళ్లు చెదిరేంత దొరుకుతుంది. దాన్ని ప్రతి ఏడాదీ పదిమంది తీస్తారు. మీరు మాత్రమే తీయగలిగింది ఏంటో చూడండి. ఆడవేషం కడుతున్న మగపిల్లాడికి చీర కుచ్చిళ్లు పెడుతున్న అమ్మ, జడ అల్లుతున్న అక్క, వాళ్ల నవ్వులు, ఆ ఇంటి లోపలి గది. మగ ఫోటోగ్రాఫర్ వీధిలో నిలబడాల్సిందే, మిమ్మల్ని లోపలికి రమ్మంటారు. మీ పుస్తకం ఆ గదిలో ఉండొచ్చు.

ఫైళ్లు

దీని గురించి పెద్దగా చెప్పను, కానీ చేయకపోతే మిగతాదంతా వృథా. ప్రతి ఫోటోకీ మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఇంట్లో. అమ్మవాళ్ల ఇంట్లో ఒక హార్డ్ డిస్కు పెట్టండి, వెళ్లినప్పుడల్లా అప్‌డేట్ చేయండి. ఫోల్డరుకు తేదీ, ఊరు పేరు పెట్టండి. ఫోటోలో ఉన్నవాళ్ల పేరు, ఊరు, ఆ రోజు వాళ్లు అన్న మాట ఒకటి నోటుబుక్కులో రాసుకోండి. రాసే తీరిక లేకపోతే ఇంటికి వచ్చే బస్సులో ఫోన్‌లో వాయిస్ రికార్డు చేసుకోండి. ఏడేళ్ల తర్వాత క్యాప్షన్ రాయడానికి కూర్చుంటే పనికొచ్చేది అదొక్కటే.

అనుమతి రెండుసార్లు అడగాలి

"ఏం పాపా, మా ఫోటోలు తీసకపోయి ఏం చేస్తావు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. దానికి నిజమైన జవాబు చెప్పండి: పుస్తకం వేస్తాను, ఇన్ని కాపీలు వేద్దామనుకుంటున్నాను, డబ్బు పెట్టి కొంటారు, మీకు ఒక కాపీ ఇస్తాను. పుస్తకం అంటే చాలామందికి బడి పుస్తకమే గుర్తొస్తుంది, కాబట్టి ఏదైనా ఫోటోల పుస్తకం ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లి చూపించండి.

ఫోటో తీయడానికి ఒప్పుకోవడం, పుస్తకంలో వేయడానికి ఒప్పుకోవడం ఒకటి కాదు. రెండోది డమ్మీ తయారయ్యాక, ఆ పేజీ చూపించి, పక్కన ఏ ఫోటో ఉందో, కింద ఏం రాశారో చదివి వినిపించి అడగాలి. అర పేజీ తెలుగు కాగితం చాలు. చదవడం రానివాళ్ల దగ్గర వాళ్ల ఇష్టంతోనే మాట రికార్డు చేసుకోండి. పిల్లలైతే తల్లిదండ్రుల ఒప్పుకోలు తప్పనిసరి, పిల్లల్నీ అడగండి. పేరు వేయాలా, ఎలా వేయాలి అన్నది కూడా వాళ్లే చెప్పాలి. కొందరు ఇంటిపేరుతో సహా కావాలంటారు, కొందరు వద్దంటారు.

మనం ఊహించని ప్రమాదాలు ఉంటాయి. మేస్త్రి మీద విసుక్కుంటున్న ముఖం అచ్చులో వస్తే వచ్చే సీజనుకు ఆమెకు పని దొరక్కపోవచ్చు. ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్న ఫోటో ఇంట్లో గొడవ తేవచ్చు. ఫ్యాక్టరీ బోర్డు, వ్యాన్ నంబరు, యూనిఫాం మీది పేరు, ఇవన్నీ మనిషిని పట్టిస్తాయి. అనుమానం వస్తే ఆ ఫోటో ఎంత బాగున్నా తీసేయండి. నేను ఈ విషయంలో అసలు రాజీపడను.

చట్టం విషయం ఒకటి. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం రాసుకోకపోతే, మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవాళ్లే. పెళ్లిళ్లకు, కంపెనీలకు, సంస్థలకు తీసిన ఫోటోలు మీ పుస్తకంలో వాడాలనుకుంటే ముందుగా రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. ఉద్యోగంలో భాగంగా తీసినవైతే ఒప్పందం తీసి ఒకసారి చదవండి. తిరుమల మీద ప్రాజెక్టు చేసేవాళ్లకు తెలిసిందే, ఆలయంలోకి కెమెరాలూ ఫోన్లూ తీసుకెళ్లనివ్వరు. ఆ బయటే మీ పుస్తకం వెతుక్కోవాలి, అక్కడ ఉన్నది తక్కువేమీ కాదు.

చిన్న ప్రింట్లు వేయించి నేల మీద పరచండి

స్క్రీన్ మీద పుస్తకం ఎడిట్ చేయడం కుదరదు. చేయగలమనే అనిపిస్తుంది, కానీ స్క్రీన్ మీద ఒకసారికి ఒక ఫోటోనే చూస్తాం, అందులో గట్టిగా కొట్టేదే గెలుస్తుంది. పుస్తకానికి కావాల్సింది ఒకదాని పక్కన ఒకటి నిలబడే ఫోటోలు.

మొదట కంప్యూటర్‌లో త్వరత్వరగా చూసి మూడు వందలదాకా ఏరండి. లైకులు చూసి ఏరకండి. వాటిని ఫోటో ల్యాబులో నాలుగు ఇంటూ ఆరు సైజులో మామూలు ప్రింట్లు వేయించండి, కలర్ కరెక్షన్ ఏమీ వద్దు. వెనక పెన్సిల్‌తో ఫైల్ నంబరు రాయండి. పిల్లలు స్కూలుకు వెళ్లాక హాల్లో నేల మీద పరచండి. తీసేసే ముందు ఫోన్‌తో ఆ వరస ఫోటో తీసుకుంటే మళ్లీ రేపు అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. జాగా లేకపోతే బీరువా తలుపులకు అయస్కాంతాలతో అంటించినా సరే. అక్కడ ఉంటే వంటింట్లోకి పోతూ వస్తూ చూస్తుంటాం, నాలుగు రోజులకు ఏది నిలబడదో కన్నే చెబుతుంది.

మూడు వందలు నూట ఇరవై అవ్వాలి, అవి అరవై డెబ్భై. ఈ తగ్గించడంలోనే అసలు పని అంతా ఉంది, తొందర పడకండి. రెండు విడతల మధ్య కొన్ని రోజులు వదిలేయండి. మీకు బాగా ఇష్టమైన ఫోటోను ఒక వారం పక్కన పెట్టి, అది లేకుండా వరస నడుస్తుందేమో చూడండి. చాలాసార్లు నడుస్తుంది, ఇంకా బాగా కూడా నడుస్తుంది.

ఇంకో విషయం గమనించండి. మన దగ్గర ముఖాలు ఎక్కువ ఉంటాయి, ఖాళీలు ఉండవు. ఫ్యాక్టరీ గేటు, షిఫ్టు ముందు వరసగా విడిచిన చెప్పులు, టిఫిన్ క్యారియర్లు, గోడకు వేలాడే తువ్వాలు, తెల్లవారుజామున ఎవరూ లేని రోడ్డు, ఇలాంటివి లేకపోతే పుస్తకానికి ఊపిరి ఆడదు. ఇరవై ముఖాలు వరసగా చూసినవాళ్లకు ఇరవై ఒకటో ముఖం కనపడదు. కలంకారీ తీసేవాళ్లూ అంతే. కలం పట్టిన చెయ్యి అందరి దగ్గరా ఉంటుంది. కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరేసిన గుడ్డ, నల్లరంగు కోసం బెల్లం ఇనుము నానబెట్టిన కుండ, గుడ్డ ఉతికిన తర్వాత పాదాల దగ్గర నీళ్లు, ఇవి తీశారా?

వరస పేర్చేటప్పుడు ఆ వరస ఎవరిని కథానాయికను చేస్తోందో చూడండి. మామిడిని సీజను వరసలో పేరిస్తే, పూత, పిందె, కోత, దామలచెరువు మండీ, ఫ్యాక్టరీ, చివరికి టెంకల గుట్ట, ఇలా చాలా చక్కగా కుదురుతుంది. కానీ అప్పుడు కథ మామిడిది అవుతుంది, ఆడవాళ్లు దాని చుట్టూ తిరిగే చేతులు మాత్రం అవుతారు. అవే ఫోటోలను సాయంత్రం ఇంట్లో అన్నం వండిపెట్టి బయల్దేరడం దగ్గర మొదలుపెట్టి, మర్నాడు పొద్దున పిల్లల్ని బడికి పంపడం దాకా పేరిస్తే పుస్తకం వాళ్లదవుతుంది. భారతం తీసేవాళ్లకు కూడా పద్దెనిమిది రోజుల వరస సిద్ధంగా ఉంటుంది, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, దుర్యోధన వధ, ఇలా. అది ఊరి ఉత్సవం వరస, మీ పుస్తకం వరస అదే అవ్వాలని లేదు.

ఎదురెదురు పేజీల్లో రెండు బలమైన ఫోటోలు పెట్టకండి, ఒకదాన్నొకటి తినేస్తాయి. ఒకవైపు ఖాళీ వదలడానికి భయపడకండి. పేజీ తిప్పితే వచ్చేది ఏంటి అన్నది కూడా మీ చేతిలోనే ఉంది, చెప్పులు ఇటు, అవి వేసుకునే మనిషి పేజీ తిప్పాక.

డమ్మీ కుట్టండి

ఏ4 కాగితాలు పన్నెండు తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకు మడిస్తే నలభై ఎనిమిది పేజీల పుస్తకం. మడత మీద మూడు చోట్ల సూదితో గుచ్చి దారంతో కుట్టండి. దబ్బనం ఉంటే ఇంకా సులువు. ఫోటోలను చిన్నగా జిరాక్స్ షాపులో వేయించి గమ్‌తో అతికించండి. నలుపు తెలుపు ప్రింట్లే చాలు. యూనివర్సిటీల దగ్గర ఉండే షాపుల్లో ఇది ఒక్క పూట పని.

మొదటి డమ్మీ అందంగా ఉండకూడదు. అందంగా ఉంటే దాన్ని చింపబుద్ధి కాదు. అట్ట కూడా వద్దు. దీన్ని చేతిలో పెట్టుకుని తిప్పినప్పుడు ఎక్కడ సాగుతోందో, ఎక్కడ ఒకే మాట రెండుసార్లు చెబుతున్నామో తెలుస్తుంది. ఆ పేజీల్లో పెన్సిల్‌తో రాయండి: "ఇక్కడ ఇల్లు కావాలి", "ఇక్కడ మగవాళ్లు ఎక్కడున్నారు?", "చలికాలం లేదు". ఆ రాతలే మీ తర్వాతి సంవత్సరం షూటింగ్ లిస్టు.

ముగ్గురికి చూపించండి. ఆ విషయం ఏమీ తెలియనివాళ్లు ఒకరు, ఫోటోల్లో ఉన్నవాళ్లు ఒకరు, పుస్తకాలు బాగా చదివేవాళ్లు ఒకరు. చూస్తున్నంతసేపూ మీరు మాట్లాడకండి. ఇది నిజంగా కష్టం, ప్రతి ఫోటో వెనకా కథ చెప్పాలనిపిస్తుంది, కానీ పుస్తకం కొన్నవాళ్ల పక్కన మీరు ఉండరు కదా. వాళ్ల చేతులు చూడండి. ఎక్కడ గబగబా తిప్పారు, ఎక్కడ వెనక్కి వెళ్లారు. అయ్యాక "బాగుందా" అని అడగకండి, "ఏం గుర్తుంది" అని అడగండి.

రూపం గురించి మొహమాటపడకండి. ఫోటోబుక్ అంటే బరువైన గట్టి అట్ట పుస్తకమే కావాలని ఎవరూ రాయలేదు. ఫోటోగ్రాఫర్ దయానితా సింగ్ 2008లో జర్మనీలోని స్టైడల్ సంస్థతో ఏడు చిన్న చిన్న మడతల పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి తెచ్చారు, విప్పి బల్ల మీద నిలబెడితే అదే ప్రదర్శన. అదే దారిలో 2017లో ఆమె తెచ్చిన "మ్యూజియం భవన్" కు ఆ ఏడాది పారిస్ ఫోటో అపర్చర్ అవార్డుల్లో ఉత్తమ ఫోటోబుక్ బహుమతి వచ్చింది. మీ ప్రాజెక్టులో నాలుగు ముక్కలుంటే నాలుగు చిన్న పుస్తకాలు, ఏడాదికి ఒకటి చొప్పున వేయడం పూర్తిగా గౌరవమైన పని. చేత్తో చేసిన పుస్తకాలు ఎంత దూరం వెళ్లగలవో చూడాలంటే చెన్నై తిరువాన్మియూరులో తారా బుక్స్ వాళ్ల బుక్ బిల్డింగ్‌కు ఒకసారి వెళ్లి రండి.

మాటలు, తెలుగు అక్షరాలు

పుస్తకం తెలుగులో ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఇంగ్లీషు కావాలంటే వెనక ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, జోడించండి, లేదా విడిగా చిన్న బుక్‌లెట్ లోపల పెట్టండి. ఫోటోల్లో ఉన్న ఆవిడ మనవరాలు చదవలేని పుస్తకం ఆవిడ గురించి ఎందుకు? క్యాప్షన్లు ఫోటో కింద అక్కర్లేదు, చివర్లో ఒకచోట పెట్టొచ్చు. ముందుమాట పెద్దవాళ్లతో రాయించాలని చూసి ఏడాది పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆ ఫోటోల్లో ఉన్న ఒక మనిషి మాట్లాడిన రెండు పేజీలు, మన చిత్తూరు యాసలోనే, దానికంటే బాగుంటాయి.

లేఅవుట్‌లో తెలుగు దగ్గర టెన్షన్ ఎక్కువ. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి కనపడతాయి. డీటీపీ వాళ్లు చాలామంది ఇప్పటికీ అను ఫాంట్స్‌లో టైపు చేస్తారు, అది అన్ని కంప్యూటర్లలో, ఫోన్లలో ఒకేలా పనిచేసే యూనికోడ్ కాదు, అటూ ఇటూ మార్చేటప్పుడు అక్షరాలు తప్పుతాయి. మొదటి నుంచీ యూనికోడ్‌లోనే ఉంచుకోండి. మండలి లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, చిన్న సైజులో కూడా చదవడానికి బాగుంటాయి. మన శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరుతో ఒక ఫాంట్ ఉంది, శీర్షికలకు చూడండి. సాఫ్ట్‌వేర్ కొనలేకపోతే స్క్రైబస్ ఉచితం. ప్రెస్‌కు పంపే పీడీఎఫ్‌లో ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయో లేదో, అంటే ఫైల్ లోపలే చేరాయో లేదో చూసి, ప్రతి పేజీ ప్రింటు తీసి ఇంకొకరితో చదివించండి.

సైజు, కాగితం, పేజీల లెక్క

ప్రెస్‌వాళ్లు ఫారాల్లో లెక్క వేస్తారు, ఒక ఫారం అంటే సాధారణంగా పదహారు పేజీలు. కాబట్టి మీ పుస్తకం 64, 80, 96 ఇలా ఉంటే కాగితం వృథా కాదు. 25 ఇంటూ 36 అంగుళాల షీటుకు ఒకవైపు ఎనిమిది ఏ4 పేజీలు పడతాయి, రెండు వైపులా కలిపి పదహారు. అంటే 96 పేజీల ఏ4 పుస్తకానికి ఆరు షీట్లు, 500 కాపీలకు మూడు వేల షీట్లు, పైన వేస్టేజీ. ప్లేట్లు చేసి అచ్చువేసే ఆఫ్‌సెట్‌లో నాలుగు రంగులకు, షీటు రెండు వైపులకూ కలిపి ఫారానికి ఎనిమిది ప్లేట్లు, ఆరు ఫారాలకు నలభై ఎనిమిది. ఈ ప్లేట్ల ఖర్చు 50 కాపీలు వేసినా 1000 వేసినా ఒకటే, అందుకే కాపీలు తక్కువైతే ప్లేట్లు అక్కర్లేని డిజిటల్, కొన్ని వందలు దాటితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. ఈ లెక్క మీకు తెలిసి వెళ్తే కొటేషన్ అడిగినప్పుడు మీతో మాట్లాడే తీరే మారిపోతుంది, ఆడవాళ్లొస్తే "మీ సారు వస్తే చెప్తాం" అనే చోట్ల మరీ ముఖ్యంగా.

మెరిసే ఆర్ట్ పేపర్ మీద రంగులు బాగా లేస్తాయి, కానీ లైటు కింద మెరుపు కొడుతుంది. మ్యాట్ ఆర్ట్ పేపర్ మధ్యస్థం. మ్యాప్‌లిథో లాంటి పూత లేని కాగితం ఇంకును పీల్చుకుంటుంది, నీడలు మూసుకుపోతాయి, అయినా చేతికి ఎంతో బాగుంటుంది, పోర్ట్రెయిట్లకూ పల్లె దృశ్యాలకూ నాకు అదే ఇష్టం. 150 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 150 గ్రాముల) కాగితంతో 96 పేజీల ఏ4 పుస్తకం లోపలి పేజీలే 450 గ్రాములదాకా తూగుతాయి. పోస్టులో పంపేటప్పుడు ఆ బరువు మీ జేబు మీద పడుతుంది, సైజు తేల్చేటప్పుడే ఆలోచించండి.

ఏ4 పేజీ నిండా ఫోటో వేయాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 2480 ఇంటూ 3508 పిక్సెళ్లు చాలు, అంటే తొమ్మిది మెగాపిక్సెళ్ల లోపే. రెండు పేజీల మీద పరిచినా పద్దెనిమిది లోపు. పాత కెమెరాతో తీశానని ఆగిపోవద్దు.

బైండింగ్‌లో గమ్ పెట్టి అతికించే పర్‌ఫెక్ట్ బైండింగ్ చవక, కానీ పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, మధ్యలో పడిన ముఖం సగం మింగేస్తుంది. రెండు పేజీల ఫోటోలు ఉంటే ఫారాలను దారంతో కుట్టే సెక్షన్ కుట్టు అడగండి. 64 పేజీల లోపు అయితే మడత మీద పిన్నులు కొట్టే సెంటర్ పిన్ కూడా చక్కగా ఉంటుంది.

ప్రచురణకర్తా, సొంతంగానా

బయటి దేశాల ఫోటోబుక్ ప్రచురణకర్తల్లో చాలామంది ముద్రణ ఖర్చులో భాగం ఫోటోగ్రాఫర్‌నే పెట్టమంటారు. అది మోసం కాదు, అక్కడి పద్ధతి. ఒప్పందంలో ఇవి చూడండి: కాపీరైట్ మీ దగ్గరే ఉందా, ఎన్ని కాపీలు వేస్తారు, మీకు ఎన్ని ఇస్తారు, తెలుగు ముద్రణ హక్కు మీకు మిగిలిందా. చివరిది ఎవరూ వాళ్లంతట వాళ్లు ఇవ్వరు, అడగాలి.

అవకాశాల కోసం చూడాల్సినవి: అల్కాజీ ఫౌండేషన్ ఫోటోబుక్ గ్రాంట్, బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్, ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఫోటో ఉత్సవంలో డమ్మీలకు ఇచ్చే లూమా బహుమతి. మనకు దగ్గరలో చెన్నై ఫోటో బినాలే, హైదరాబాద్‌లో ఇండియన్ ఫోటో ఫెస్టివల్ జరుగుతాయి, అక్కడికి డమ్మీ సంచిలో వేసుకుని వెళ్లండి.

నేను మాత్రం మొదటి పుస్తకం సొంతంగా వేయమనే అంటాను. క్రిస్టినా డి మిడెల్ అనే స్పెయిన్ ఫోటోగ్రాఫర్ 2012లో తన మొదటి పుస్తకం వెయ్యి కాపీలు తానే వేసుకుంది, అవి అమ్ముడైపోయి ప్రపంచమంతా ఆమె పేరు తెలిసింది. మనం 300 వేద్దాం. డబ్బుకు ముందస్తు ఆర్డర్లు తీసుకోండి, సగం ఖర్చు వచ్చాక ప్రెస్‌కు వెళ్లండి. బంగారం తాకట్టు పెట్టి మాత్రం వేయకండి. ధర పెట్టేటప్పుడు దుకాణాలు, పంపిణీదారులు మూడో వంతు నుంచి సగం దాకా కమీషన్ అడుగుతారని గుర్తుంచుకుని, కాపీకి పడిన ఖర్చుకు కనీసం రెండున్నర రెట్లు పెట్టండి. మీ శ్రమను కూడా ఖర్చులో రాయండి.

ప్రెస్ దగ్గర

శివకాశి, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, విజయవాడ, ఎక్కడైనా వేయించొచ్చు. ఎంచుకునే ముందు వాళ్లు వేసిన ఫోటోల పుస్తకం ఒకటి అడిగి చూడండి. పెళ్లికార్డులు బాగా వేసేవాళ్లు ఫోటోలు బాగా వేస్తారని లేదు. ప్రెస్ ఇచ్చిన కలర్ ప్రొఫైల్ (రంగుల సెట్టింగుల ఫైల్) తోనే ఫైళ్లు సీఎంవైకేలోకి, అంటే అచ్చుకు వాడే నాలుగు రంగుల్లోకి మార్చండి, చుట్టూ మూడు మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరించేటప్పుడు పోయే అదనపు అంచు వదలండి. నలుపు తెలుపు పుస్తకమైతే నలుపుతో పాటు బూడిద రంగు కలిపిన డ్యూయోటోన్ గురించి అడగండి, లోతు వస్తుంది.

రంగుల్లో మన ఫోటోలకు రెండు సమస్యలు. ఒకటి ఒంటి రంగు. మన చామనఛాయ ముఖాలు అచ్చులో ఎర్రగానో మసిగానో తేలిపోతాయి, ఫెయిర్‌గా చేద్దామని మెషిన్ దగ్గర ఉన్నాయన తెల్లబరచడం ఇంకో బాధ. రెండోది పసుపు కుంకుమలు. జాతరలో బైరాగి వేషానికి పూసే నామకొమ్ము తెలుపు, బండవేషం కుంకుమ, తోటివేషం బొగ్గు, దొరవేషం గంధం, ఈ నాలుగూ ఒకే పుస్తకంలో ఉంటే స్క్రీన్ మీద కనిపించిన కుంకుమ అచ్చులో రాదు, బొగ్గు పూసిన ముఖంలో కళ్లు తప్ప ఏమీ మిగలదు. కాబట్టి అతి కష్టమైన ఫోటోలు నాలుగైదు ఎంచి, అసలు వాడబోయే కాగితం మీదే ప్రూఫ్, అంటే పరీక్ష ప్రింటు, వేయించండి. కొంత ఖర్చవుతుంది, అయినా ఇది మానకండి. ఆ ప్రూఫ్ మీద సంతకం చేసి ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి మీ దగ్గర.

ముద్రణ రోజు తప్పకుండా వెళ్లండి. రాత్రి షిఫ్టులో వేస్తే తోడుకు ఒక స్నేహితురాలిని తీసుకెళ్లండి, కూర్చోడానికి చోటు, బాత్రూం ఉన్నాయా అని ముందే అడగండి. ప్రతి ఫారం మొదటి షీట్లు పగటి వెలుతురు లాంటి లైటు కింద ప్రూఫ్ పక్కన పెట్టి చూసి, సరే అన్నాకే నడపమనండి. ఒక పేజీలో ఎరుపు పెంచితే షీటు మీద అదే వరసలో ఉన్న మిగతా పేజీల్లోనూ పెరుగుతుంది, ఆ రెండిట్లో ఏ ముఖం ముఖ్యమో మీరే నిర్ణయించాలి.

అచ్చయ్యాక

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, ముందే తీసుకోవాలి. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది, సొంతంగా వేసుకునే రచయితలకు కూడా. డబ్బు తీసుకుని ఇప్పిస్తామనేవాళ్ల జోలికి పోకండి. ప్రెస్ తేదీకి చాలా ముందు దరఖాస్తు చేయండి. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమెరా, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో కాపీ మీ ఖర్చుతో పంపాలి. చాలామంది పంపరు, మీరు పంపండి, మన జిల్లా ఆడవాళ్ల ముఖాలు ఆ అల్మారాల్లో ఉండాలి. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఎస్వీ యూనివర్సిటీ గ్రంథాలయాలకు కూడా ఇవ్వండి. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు, బిల్లులో ఆల్బమ్ అని కాకుండా పుస్తకం అనే రాయించుకోండి.

మొదటి కాపీలు ఫోటోల్లో ఉన్నవాళ్లకే. తిరుపతిలో ఆవిష్కరణ సభ తర్వాత పెట్టుకోవచ్చు, ముందు ఆ ఊరికి వెళ్లి, చెట్టు కిందో బడి వరండాలోనో కూర్చుని చేతికి ఇవ్వండి. సీజనులో వెళ్తే ఎవరూ ఉండరు, పని లేని నెల చూసుకుని వెళ్లండి. తర్వాత అమ్మకాలు: డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలు జరుగుతాయి, తెలిసిన ప్రచురణకర్తల స్టాల్‌లో ఒక మూల అడిగితే ఇస్తారు. కాపీలు నేల మీద పెట్టకండి, వానాకాలంలో చెమ్మ పడుతుంది. అటక మీద, ప్లాస్టిక్ కవర్లలో, నిలువుగా కాకుండా పడుకోబెట్టి పెట్టండి. ప్రెస్ నుంచి ఫైనల్ పీడీఎఫ్‌లు, సంతకం చేసిన ప్రూఫ్ తెచ్చుకుని ఫైళ్ల మూడు కాపీల్లోనూ చేర్చండి. రెండో ముద్రణకు ఇంకో ప్రెస్‌కు వెళ్లాల్సి వస్తే అవే కావాలి.